రెండున్నర రూపాయల మదింపు

ఆ పండు ముందు కింద పెట్టండి బాబూ. పిసికింది చాల్లెండి. చిన్నరసాన్ని అంతసేపు పిసికితే ముచ్చిక దగ్గర చిట్లి చొక్కా మీద పడుతుంది. తెల్లచొక్కా వేసుకొచ్చారాయె, మీటింగులో పదిమంది ముందు నిలబడాలాయె. ఆ మరక సబ్బుకి పోదు.

నవ్వుతారేంటి? పండు తినొద్దనడానికి ఈ ముసలాడెవడా అనా? నిజమే, చెప్పలేదు కదూ. నా పేరు చిన్నరాయప్ప. మాది రెడ్డిగూడెం. తోటలు మదింపు వేస్తుంటాను. అంటే, పిందె నిలబడ్డాక తోటలో చెట్టు చెట్టూ తిరిగి, ఈ తోటకి ఇన్ని వేల కాయ దిగుతుందని చెప్తాను. ఆ మాట మీద రైతు అమ్ముతాడు, షావుకారు కొంటాడు. నలభై రెండేళ్ళుగా ఇదే పని. మీ ఆడిటు పని లాంటిదే అనుకోండి. కాకపోతే నేను చెట్టెక్కుతాను, మీరు కుర్చీ ఎక్కుతారు.

కోపమొచ్చిందా? రానివ్వండి. కూర్చోండి, కూర్చోండి. మీటింగు పదింటికి. ఇప్పుడు ఎనిమిది కూడా కాలేదు. మేనేజింగ్ ఏజెంటు శేషగిరిరావు గారు అక్కడ షెడ్డులో బెంచీలు వేయిస్తున్నారు. మిమ్మల్ని తీసుకెళ్ళడానికి తొమ్మిదిన్నరకి గానీ రారు. అప్పటిదాకా నాతో మాట్లాడితే మీ సొమ్మేం పోదు. ఆ తర్వాత మీ సంతకం మీరు పెట్టుకోండి, మీ పండు మీరు తినండి.

ఏంటీ, కంపెనీ సంగతి నాకెందుకా? భలేవారే! నాకు పాతిక షేర్లున్నాయండీ. యుద్ధంలో మిలటరీకి ఊరేసిన మామిడిముక్క పంపి బాగుపడ్డ కంపెనీ, షేరు పది రూపాయలే అంటే, నూజివీడు షావుకార్ల దగ్గర్నుంచి మా చర్చి వాళ్ళ దాకా అందరం ఎగబడి కొన్నాం. కొన్నాక యజమానులమైపోయాం. యజమానులం కాబట్టి, నిరుడు మీటింగులో ఆడిటరు ఫీజు ఎంతో మేమే ఖాయం చేశాం. ఆ ముచ్చట మీకెవరూ చెప్పుండరు. చెప్తాను, వినండి.

మీకు ముందు నారాయణరావు గారని ఒక పెద్దాయన ఉండేవారు. సన్నగా, నశ్యం పీలుస్తూ, ఎవరితోనూ నవ్వకుండా. వచ్చారంటే ఐదు రోజులు కదిలేవారు కాదు. ఈ బంగళాలోనే దిగేవారు గానీ, తన వంట తనే వండుకునేవారు. ఇద్దరు గుమాస్తాలని వెంటేసుకుని గోడౌన్లో దూరి పీపా పీపాకీ మూత తీయించేవారు. శేషగిరిరావు గారికి ఆయన పేరు చెబితే వేపాకు నమిలినట్టుండేది.

నిరుడు మీటింగులో ఆయన ఫీజు నాలుగు వందలని చదవగానే రాఘవయ్య షావుకారు లేచాడు. మామిడి మండీ ఆయన. "నాలుగొందలే! రెండు పాడిగేదెలొస్తాయి కదయ్యా. ఈయన ఐదు రోజులు కూర్చుని కూడికలు చేస్తే పీపాలో ముక్క పెరుగుద్దా?" అన్నాడు. షెడ్డంతా గొల్లుమంది. అంతే, బేరం మొదలు. మూడొందలకి రండి అన్నాడొకడు, రెండొందలిస్తే ఎక్కువన్నాడు ఇంకొకడు. మామిడికాయ వందకి ఆరు కొసరడిగే జనం. వాళ్ళకి ఆడిటరైనా ఒకటే, బుట్టలో కాయైనా ఒకటే.

పెద్దాయన నశ్యం డబ్బీ మూత పెట్టి, "నాలుగొందలకి ఎంత చూడాలో అంతా చూస్తాను. తగ్గిస్తే చూపూ తగ్గుతుంది. మీకెంత చూపు కావాలో తేల్చుకోండి" అన్నారు.

ఎంత మాటండీ! మాకెక్కిందా? అబ్బే. "చూశావూ, ఎంత పొగరో" అని ఒకళ్ళ చెవి ఒకళ్ళు కొరుక్కున్నాం. అప్పుడు శేషగిరిరావు గారు, ఎప్పుడెప్పుడా అని కాచుకునున్న మనిషి, మెల్లిగా లేచి, బెజవాడలో ప్రభాకరరావు గారని కుర్ర ఆడిటరు ఉన్నాడు, కొత్తగా బోర్డు కట్టాడు, తొంభైకి ఒప్పుకున్నాడు అన్నారు. చప్పట్లు! మూడొందల పది మిగిలిందని రాఘవయ్య అందరికీ సోడాలు కొట్టించాడు. చేతులెత్తమంటే నేనూ ఎత్తాను. సోడా కూడా తాగాను.

అదండీ, మీరు ఈ ఊరికొచ్చిన వైనం. మీ చదువు చూసి పిలిచారనుకున్నారా పాపం?

మీరూ ఏం తక్కువ తిన్లేదు. తొంభైకి ఎంత కన్ను తెరవాలో అంతే తెరిచారు. ఫిబ్రవరిలో ఒక్క పూట వచ్చారు. బాపులపాడు దగ్గర రైలు దిగితే కంపెనీ కారు. కారు దిగితే ఈ బంగళా, పెసరట్లూ ఉప్మా. గుమాస్తా పుస్తకాలు ముందు పెడితే ఆకుపచ్చ సిరాతో టిక్కులు. సాయంత్రం బండికి రెండు జాడీల ఆవకాయతో బెజవాడ. గోడౌను ఈ బంగళా వెనకాలే, నలభై అడుగుల దూరం. కాళ్ళు కదల్లేదు మీకు! మళ్ళీ ఇవాళ పొద్దున్నే ఊడిపడ్డారు, సంతకానికి.

మీ రిపోర్టు టైపు కొట్టిన గుమాస్తా నిన్న నాకు తెలుగులో చదివి చెప్పాడు. "మాకు చెప్పిన దాన్ని బట్టి, మాకిచ్చిన వివరాలను బట్టి, ఈ లెక్కలు సరిగ్గా ఉన్నవి." అంతేగా? మాకు చెప్పిన దాన్ని బట్టి! ఎవరు చెప్పిన దాన్ని బట్టండీ? ఏజెంటు గారు చెప్పిన దాన్ని బట్టి. నేను తోటలో అడుగు పెట్టకుండా, రైతు అరుగు మీద కూర్చుని, "రైతు చెప్పిన దాన్ని బట్టి ఈ తోటకి లక్ష కాయ" అన్నాననుకోండి, నన్ను ఆ చెట్టుకే కట్టేస్తారు. మీకైతే కుర్చీ వేసి పండ్లు పెడుతున్నారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాట్ట మీలాంటివాడే ఎవడో.

ఏంటి గొణుగుతున్నారు? తొంభైకి అంతకన్నా ఎవడు చేస్తాడు అనా? మరి ఎందుకొప్పుకున్నారు? కూలి చాలకపోతే పని మానెయ్యాలి. పని చెయ్యకుండా చేశానని రాసివ్వడం ఏ కూలివాడూ చెయ్యడండీ. మా ఊళ్ళో పాలేరుక్కూడా ఆ మాత్రం సిగ్గుంది.

మా పనికో కట్టుబాటుంది. మదింపు కూలి ఐదు రూపాయలు. ఐదెకరాల తోటైనా ఐదే, యాభై ఎకరాలదైనా ఐదే. సగం అమ్మేవాడు, సగం కొనేవాడు. తోటలో కాలు పెట్టకముందే ఇద్దరూ చేతిలో పెట్టాలి. చూశాక ఇచ్చారంటే, చెప్పిన మాట నచ్చి ఇచ్చినట్టు. అందుకని ముందే. ఇంకోటి, ఆ రోజు ఇద్దరిలో ఎవరింటా మెతుకు ముట్టకూడదు. మంచినీళ్ళు కూడా. మా నాన్న సొరబుర్రలో నీళ్ళు పోసుకుని భుజాన తగిలించుకెళ్ళేవాడు. నేనూ అంతే. నలభై ఏళ్ళుగా తోటలో పండు చేతికందుతున్నా కొయ్యలేదు. అందుకే, మిమ్మల్ని ఆ పండుతో చూడగానే ఒళ్ళు మండింది.

సరే, నా గోలెందుకు. ఇవాళ మీటింగవగానే ఏం జరుగుతుందో తెలుసా? కొత్త షేర్లు అమ్ముతారు. అదే బల్ల దగ్గర, అక్కడికక్కడే. మీరు లేచి లెక్కలు సరిగ్గా ఉన్నాయని చదువుతారు, లాభమొచ్చిందంటారు. జనం మూటలు విప్పుతారు.

మా వీధిలో రిబ్కమ్మ అని ఉంది. ఎలిమెంటరీ స్కూల్లో టీచరమ్మ. మొగుడు మిలటరీలో చేరి బర్మా వైపు పోయాడు, మళ్ళీ రాలేదు. సర్కారు వాళ్ళు ఆరొందలిచ్చారు. మూడేళ్ళుగా అందులోంచి ఒక్క కానీ కూడా తియ్యలేదు ఆ పిల్ల. ఇద్దరు ఆడపిల్లల్ని గుంటూరులో పెట్టి టీచరు ట్రైనింగు చదివించాలని దాచింది. మొన్న ఆదివారం పూజ అయ్యాక నన్ను పట్టుకుని, "బాబాయ్, కంపెనీలో వేస్తే మంచిదేనా?" అని అడిగింది. ఇప్పుడు షెడ్డులో ముందు బెంచీ మీద కూర్చునుంది చూడండి, పసుపుపచ్చ అంచు చీర. ఒళ్ళో బిస్కెట్ల డబ్బా ఉంది. ఆరొందలూ అందులోనే ఉన్నాయి.

లేవండి. ఎక్కడికా? గోడౌనుకి. చెప్పులేసుకోండి, కింద ఉప్పు తడి ఉంటుంది. తాళంచెవి నా దగ్గరుంది. వాచ్‌మన్ సలోమోను మా చెల్లెలి మొగుడు. వాడి ఉద్యోగం ఊడితే నేనే తిండి పెడతానని మాటిచ్చి తెచ్చాను. కాబట్టి ఉత్తచేతుల్తో వెనక్కెళ్ళను. వస్తారా, లేకపోతే మీటింగులో అందరి ముందూ రమ్మని పిలవమంటారా? ఆఁ, అదీ.

చూశారా, ఎంత దూరమో! ముప్పై ఎనిమిది అడుగులు. నేను నలభై అన్నాను, రెండు ఎక్కువ చెప్పాను.

అదేంటి, చంకలో ఫైలుతో పాటు ఆ పండూ చేత్తోనే పట్టుకొచ్చారు? సరే కానీండి.

ముక్కు మూసుకోకండి. ఉప్పు వాసనే. ముందు వరసలో ఈ పీపా మూత తీస్తున్నాను. ఈ వెదురుకర్ర పట్టుకుని నిలువునా దించండి. దిగదేం? ముక్క అడుగుదాకా నిండుగా ఉంది. అలా ఉండాలి. ఇప్పుడిలా వెనక్కి రండి, గోడ పక్కకి. ఈ పీపా. దించండి. పైన ముక్క కనపడుతోందా? పచ్చగా, నున్నగా ఉంది కదూ? కొంచెం నొక్కండి. ఏదో అడ్డుపడి, పక్కకి జరిగిందా? అది వెదురుతడిక. గుండ్రంగా కోసి పరిచారు. ఇంకా నొక్కండి. ఇంకా.

ఏమైందండీ, మోచేతి దాకా పోయింది? అడుగు తగిలిందా? ఆ తడిక మీద జానెడు ముక్క. కిందంతా ఉప్పునీళ్ళు.

ఇంకోటి చూస్తారా? ఏదైనా మీ ఇష్టం, మీరే ఎంచుకోండి. చూశారుగా. మీ కాగితంలో మూడొందల పీపాల సరుకు. పీపా అరవై లెక్కన పద్ధెనిమిది వేలు. నా అంచనాకి నిజంగా ముక్కున్నవి ఎనభై. యుద్ధమైపోయింది, మిలటరీ ఆర్డరు ఆగిపోయింది, కంపెనీకి కొనేవాడు లేడు. నష్టమని చూపిస్తే కొత్త షేర్లెవరు కొంటారు? ఏజెంటు గారి కమీషను లాభంలో నూటికి పది. లాభం లేకపోతే అదీ లేదు. అందుకని నీళ్ళు ఊరేశారు.

ఏంటి వెతుకుతున్నారు ఫైల్లో? అలా గబగబా తిప్పితే కాగితాలు నీళ్ళల్లో పడతాయి. ఏ కాగితం? ఓహో, అదా. మీకూ గుర్తుందన్నమాట. నేనే అడుగుదామనుకుంటున్నాను. చదవండి పైకి.

"మదింపు పనిలో నలభై ఏళ్ళ అనుభవం కలిగినవాడనై, కంపెనీ గోడౌనులో మూడు వందల పీపాలూ మామిడిముక్కతో నిండి ఉండగా స్వయంగా చూచితిని." ఆఁ. బాగా రాశాడు గుమాస్తా. కింద సంతకం చదవండి. గట్టిగా చదవండి బాబూ, ఇక్కడ మనిద్దరమే.

అవును. నాదే.

అలా చూడకండి. ఇందాకట్నుంచీ మిమ్మల్ని తిట్టిన నోరే ఇది. జనవరిలో శేషగిరిరావు గారు కబురు పెట్టారు. సరుకు మదింపు వెయ్యాలి, నీ అంత నమ్మకమైన మనిషి ఈ తాలూకాలో లేడు అన్నారు. ఆఫీసు గదిలోకి రమ్మన్నారు. మేము ఆ గుమ్మం బయట నిలబడి మాట్లాడే వాళ్ళమండీ. మా నాన్న అయితే అలాంటి అరుగు కూడా ఎక్కలేదు. మంచినీళ్ళడిగితే పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. అలాంటి చోట కుర్చీ చూపించి, "కూర్చోండి చిన్నరాయప్ప గారూ" అన్నారు. గారూ! అరవై నాలుగేళ్ళకి. వెండిగ్లాసులో కాఫీ వచ్చింది. ఆయన తాగే గ్లాసు లాంటిదే, జోడీ గ్లాసు.

తాగాను. సొరబుర్ర భుజాన్నే ఉంది. పక్కకి తిప్పేసి తాగాను.

ఆ తర్వాతేముంది? గోడౌన్లోకి నేనూ వచ్చాను. ఈ కర్రే దించాను. మోచేతి దాకా పోయింది. తల తిప్పితే ఏజెంటు గారు గుమ్మంలో నిలబడున్నారు. నవ్వారు పాపం. కాగితం, కలం, కవరు వరసగా ముందుకొచ్చాయి. కవర్లో ఐదు కాదు. రెండు వందలు.

అవసరమా అంటారా? ఏమీ లేదండీ. అప్పుల్లేవు, జబ్బుల్లేవు. అవసరమై తిన్నానంటే కనీసం మా ఆవిడైనా జాలిపడేది. ఆ కవరు విప్పను కూడా విప్పలేదు, ట్రంకుపెట్టెలో పడుంది. ఇవాళ నడుం దగ్గర దోపుకొచ్చాను, చూడండి. ఆ గదిలో, ఆ కుర్చీలో కూర్చుని, కాదని ఎలా అనాలో నాకు తెలీలేదు. చెట్టు కింద నిలబడితే ఎవరికైనా కాదని చెప్పగలను. కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు మరి.

ఫాదరు గారి దగ్గర పాపసంకీర్తనం చేశాను. జపమాల చెప్పుకోమన్నారు. చెప్పుకున్నాను. రాఘవయ్య అన్నట్టు, దాంతో పీపాలో ముక్కేం పెరగలేదు.

ఇంతకీ రిబ్కమ్మకి ఏం చెప్పానో తెలుసా, మంచిదేనా బాబాయ్ అని అడిగితే? "ఆడిటరు గారు చూశారుగా అమ్మా" అన్నాను! విన్నారా? ఆడిటరు గారు చూశారట. మీరేమో చిన్నరాయప్ప చూశాడని రాసుకున్నారు. ఆ పిల్ల మాత్రం మనిద్దరి పేర్లూ డబ్బాలో పెట్టుకుని ముందు బెంచీ మీద కూర్చుంది. తిలాపాపం తలా పిడికెడు. అందులో మీ పిడికిలి చిన్నదే, ఒప్పుకుంటాను. మీరు చూడలేదు. నేను చూశాను.

ఏజెంటు గారి తెలివి చూడండి మరి! చూడాల్సినాయనకి తొంభై ఇచ్చారు. చూసినవాడికి రెండొందలిచ్చారు. అన్నీ కలిపినా ఆ నశ్యం పెద్దాయన కంటే నూట పది చవక. మేమేమో సోడాలు తాగాం.

సరే, ఎనిమిదిన్నరయ్యుంటుంది. మీటింగుకి ఇంకో గంటన్నరుంది. ఇందాక చూపించింది మదింపు కాదు, మూడు పీపాలు చూపించాను, అంతే. ఇప్పుడు సరిగ్గా వేద్దాం. మూడొందలూ. కర్ర దించడం, తియ్యడం, సుద్దముక్కతో గుర్తు. ఇద్దరం కలిస్తే ఆలోపే అయిపోతుంది. పదింటికి మీరు లేచి ఏ అంకె చదువుతారో మీ ఇష్టం. నేను మాత్రం లేస్తాను. ఈ కవరు బల్ల మీద పెట్టి, ఆ సంతకం నాదే, అబద్ధం అంటాను. తర్వాత ఈ చుట్టుపక్కల నన్ను తోటలోకి పిలిచేవాడుండడు. ఉండకూడదు కూడా.

కూలి మాత్రం ముందే ఇవ్వాలి. ఐదు రూపాయలు. షేర్లున్నవాడిగా సగం నాది. ఇదిగో, రెండున్నర, ఈ మూత మీద పెడుతున్నాను. మిగతా సగం మీది. తియ్యండి. నవ్వులాట కాదండీ. ఊరికే చెబితే ముసలాడు కడుపుమంటతో చాడీలు చెప్పాడంటారు. ముందు కూలిచ్చి వేయిస్తే మదింపవుతుంది. మీ రిపోర్టులో రాసుకోవడానికి పనికొస్తుంది.

ఐదు రూపాయల నోటా? చిల్లర లేదా? ఉండండి, నేనిస్తాను. రూపాయి, రెండు, ఇదిగో అర్ధ. పట్టండి. వద్దంటే కుదరదు, పట్టండి. నాకు ఎక్కువిస్తే ఏమవుతుందో చూశారుగా.

ఆ పండు ఇంకా చేతిలోనే ఉందేంటండీ? అక్కడ గడప మీద పెట్టండి. పెట్టారా? ఆఁ. చేతులు ఆ నీళ్ళల్లోనే కడుక్కోండి, ఉప్పునీళ్ళకేం కరువు లేదు.

ఇప్పుడు కర్ర మీరు పట్టుకోండి. నేను మూతలు తీస్తాను. ఉందో లేదో నన్నడక్కండి, మీరే దించి చూడండి. నా మాట నమ్మొద్దు బాబూ, అది రెండొందలకి పోయింది.